పోయినాయన పేరు మీద

నేను ఒక చనిపోయిన మనిషి పేరు మీద పద్నాలుగేళ్లు తిరిగిన కారును. ఆ సంగతి నాకు తెలియదు. నన్ను నడిపిన మీరావలికీ తెలియదు. వెనక సీట్లో కూర్చున్న డాక్టరమ్మకు తెలిసినా పట్టలేదు. అది బయటపడేనాటికి డాక్టరమ్మ కూడా లేదు. మిగిలింది నేనూ మీరావలీ. మా ఇద్దరిలో ఎవరికి ఎక్కువ తికమకగా ఉండేదో ఇప్పటికీ చెప్పలేను.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. ఎక్కడో ఉత్తరాదిన, ఊరంత కర్మాగారంలో తయారయ్యాను. అద్దాలు బిగించినవాడు తలుపులు బిగించినవాడి మొహం చూడలేదు. చక్రాలు తొడిగినవాడికి నేను ఏ ఊరు పోతానో తెలియదు. ఒకతను మాత్రం నా బానెట్ కింద పదిహేడు అక్షరాలూ అంకెలూ వరసగా గుద్ది, వేలితో ఒకసారి తడిమి చూసి వెళ్లాడు. మనుషులకు పుట్టుమచ్చలెలాగో మాకు ఛాసిస్ నంబరు అలాగట.

కాకినాడలో నన్ను కొన్నది పెద్దాపురంలో ఉండే పేర్రాజు గారు. కాలవల శాఖలో పనిచేసేవారు. రంగు ఎంచింది మాత్రం ఆయన భార్య త్రిపురసుందరి, హైస్కూల్లో హిందీ టీచరు. "తెలుపైతే మాసిపోతుంది, నలుపైతే ఎండకు కాగిపోతుంది. అదిగో, ఆ గంధం రంగుది చూడండి" అంది. వాళ్లకు పిల్లలు లేరు. ఏ పనైనా ఆయన ఆవిడను అడిగే చేసేవారు. నా చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు కూడా ఆవిడ చూపించిన చోటే పెట్టారు.

రిజిస్ట్రేషను నాడు జీవితకాలపు పన్ను ఒక్కసారే కట్టేసి, ఆ రసీదు సొరుగులో పెడుతూ, "ఇక దీని జోలికి ఎవ్వడూ రాడు" అన్నారు పేర్రాజు గారు. జీవితకాలమంటే ఎవరి జీవితకాలమో ఆ రసీదులో రాయలేదు. ఆరేళ్లకు ఆయన పోయారు. నేనున్నాను.

పదమూడో రోజు భోజనాలు జరుగుతుండగా మీరావలి వచ్చాడు. పేర్రాజు గారి చెల్లెలు డాక్టర్ సుభాషిణి దగ్గర అతను డ్రైవరు. ఆవిడకు కాకినాడ జగన్నాథపురంలో చిన్న పురుళ్ల ఆస్పత్రి ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఆవిడ పాత కారు అప్పటికి మూలబడింది. కాన్పులేమో కారు బాగయ్యేదాకా ఆగేవి కావు. "వదినకు డ్రైవింగు రాదుగా. అన్నయ్య కారు తెచ్చెయ్, మీరా" అందట.

మీరావలి వీధి గదిలో మేకుకు వేలాడుతున్న తాళం తీసుకున్నాడు. లోపలి గదిలో త్రిపురసుందరి చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వెళ్లి ఒక మాట చెబుదామని అతను రెండడుగులు వేశాడు, ఆగిపోయాడు, వెనక్కి తిరిగి వచ్చాడు. నన్ను గేటు దాటిస్తుంటే కిటికీ తెర కదిలింది. నేను చూశాను. అద్దంలో అతనూ చూశాడు.

ఆ తర్వాత నేను పడ్డ పని ఇంతా అంతా కాదు. నొప్పులు పడుతున్నవాళ్లను మోశాను, పసిబిడ్డలను మోశాను. ఇద్దరు పిల్లలు నా వెనక సీట్లోనే పుట్టారు. ఏడాదికోసారి బీమా ఏజెంటు వచ్చి, "పేరు మార్పించుకోవాలి, డాక్టరుగారూ" అనేవాడట. ఆవిడ చేతులు కడుక్కుంటూ, "ఉన్న పేరు ఉండనీవయ్యా, కారు అదేగా" అని చెక్కు రాసిచ్చేదట. బీమా ఉందన్న ధీమాతో నేను తిరిగేదాన్ని. రోడ్డు మీద పోలీసులు కూడా అద్దం మీది డాక్టరు గుర్తు చూసి చెయ్యూపి వదిలేసేవారు. వాళ్ల భార్యల్లో సగం మంది ఆ ఆస్పత్రిలోనే పురుడు పోసుకున్నారు మరి.

ఎప్పుడైనా పెద్దాపురం మాట వస్తే డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ అనేది: "వదిన ఒక్క మాట అడిగితే కారు పంపించేసేదాన్నే." ఆవిడ అడగలేదు. ఈవిడ పంపలేదు. పెద్దాపురం గంట దారి కూడా కాదు. పద్నాలుగేళ్లలో నా చక్రాలు ఒక్కసారైనా ఆ దారి పట్టలేదు. ఎక్కడెక్కడి మనుషులనో కలుపుతాయని రోడ్లు వేసుకుంటారు గాని, మాట పోయే దారి మూసుకుపోతే తారు రోడ్డు ఏం చేస్తుంది?

డాక్టరమ్మ పోయాక వకీలు ఆవిడ రాసిన వీలునామా చదివాడు. పుస్తకాలు వైద్య కళాశాలకు, నగలు ఆస్పత్రి నర్సులకు. "నా కారు, ఇన్నేళ్లు నన్ను క్షేమంగా తిప్పిన షేక్ మీరావలికి." మీరావలి అక్కడే ఏడ్చేశాడట. ఇంటికొచ్చి తన పెళ్లాం ఖైరున్నీసాకు చెబితే ఆవిడా ఏడ్చింది, వెంటనే కళ్లు తుడుచుకుని, "కాయితాలు నీ పేరు మీదకి మార్పించుకో. ఆలస్యం చేశావంటే అందరూ వచ్చి కూర్చుంటారు" అంది. అతనికి యాభై ఆరేళ్లు. కొత్తగా ఎవరూ పనిలో పెట్టుకోరు. నన్ను పెట్టుకుని నాలుగు ఇళ్లవాళ్లకు పని చేసిపెడితే రోజు గడుస్తుందని అతని ఆశ.

మర్నాడే నన్ను తీసుకుని బ్రేకాఫీసుకు వెళ్లాడు. రవాణా శాఖ ఆఫీసును మా వైపు ఇంకా అలాగే అంటారు. ఎండలో కిటికీ పక్కనే నన్ను ఆపాడు కాబట్టి మాటలన్నీ నాకు వినబడ్డాయి.

గుమాస్తా కాగితాలు చూశాడు. "ఈ పేర్రాజు గారెవరు?"

"డాక్టరమ్మ గారి అన్నయ్యండి."

"సంతకానికి ఆయన్ని రమ్మనండి."

"ఆయన పోయి పద్నాలుగేళ్లయిందండి."

గుమాస్తా కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "చూడు బాబూ, బండి ఆయనది. ఆయన పోతే ఆయన వారసులది. ఆవిడెవరో తనది కాని బండి నీకు రాసిచ్చింది. ఆవిడ మంచిదే, నువ్వూ మంచోడివే. బండి మాత్రం ఆవిడది కాదు."

"అయితే ఎవరిదండి?"

"అది నువ్వు తేల్చుకురావాలి. పైగా దీని రిజిస్ట్రేషను పదిహేనేళ్లకే అయిపోయింది. ఫిట్‌నెస్ చేయించి, పాత బళ్లకు వేసే గ్రీన్ టాక్సు కట్టి, మళ్లీ రాయించాలి. దానికి ముందు బీమా ఉండాలి."

బీమా ఆఫీసుకు వెళ్తే అక్కడి అధికారి ఇంకో మాట చెప్పాడు. లోపల ఏమన్నాడో నేను వినలేదు గాని, మీరావలి బయటికి వచ్చి స్టీరింగు మీద తల ఆనించి తనలో తను అనుకుంటుంటే తెలిసింది. చనిపోయిన మనిషి పేరున ఏటేటా కట్టిన పాలసీ అట. ఏదైనా ప్రమాదం జరిగి ఉంటే పెద్ద పేచీ వచ్చేదట. కొత్త పాలసీ రాయాలంటే బండి సొంతదారు ఎవరో చూపించాలట. సొంతదారు కావాలంటే బ్రేకాఫీసు వాళ్లు ముందు బీమా తెమ్మంటున్నారు. "ఇదేం లెక్కరా దేవుడా. గుడ్డు ముందో కోడి ముందో నేను తేల్చాలంట" అన్నాడు.

నాకు గుండె ఉంటే ఆ పూట ఆగిపోయేది. పద్నాలుగేళ్లు నిండుచూలాళ్లను కూర్చోబెట్టుకుని తిరిగింది ఈ ధీమాతోనా?

బ్రేకాఫీసు ఎదుట టీ బడ్డీ దగ్గర ఒక బ్రోకరు పట్టుకున్నాడు. "పెద్దాయనా, నాకొదిలెయ్. పేర్రాజు గారు బతికుండగానే నీకు అమ్మినట్టు పాత తేదీ వేసి కాయితం పుట్టిస్తాను. సంతకం మనమే పెడదాం. పోయినాయనొచ్చి కాదంటాడా ఏంటి? వద్దంటే చెప్పు, తుక్కు కొట్టువాడికి అమ్మిపెడతాను. అద్దాలు తీసేసి రేకు తూకం వేసుకుంటాడు."

తుక్కు అన్న మాట విని నా ఇంజను ఆగిపోయింది. అప్పుడది ఆపే ఉంది, అది వేరే సంగతి.

మీరావలి టీ తాగేసి గ్లాసు బడ్డీవాడికిచ్చాడు. "పోయినాయన రాడు సరే. ఆయన ఇంటావిడుందిగా" అన్నాడు.

"ఆవిడకి తెలిసేదెలా?"

"ఒకసారి ఆవిడకి చెప్పకుండా తీసుకొచ్చానండి. రెండోసారి నావల్ల కాదు."

అలా పద్నాలుగేళ్ల తర్వాత పెద్దాపురం దారి పట్టాం. దారంతా అతను ఏం మాట్లాడాలో సాధన చేస్తూనే ఉన్నాడు. ఒక్కో మలుపుకు ఒక్కో రకంగా మొదలుపెట్టాడు. గేటు ముందు ఆగేసరికి అన్నీ మరచిపోయాడు.

త్రిపురసుందరి వరండాలో పాత దినపత్రికలు కట్ట కడుతోంది. జుట్టు తెల్లబడింది, నడుం మాత్రం వంగలేదు. నన్ను చూసి లేచి నిలబడింది. అతని వంక చూడలేదు. మెట్లు దిగి వచ్చి నా బానెట్ మీద చెయ్యి వేసి, గోటితో ఒకచోట గీకింది.

"ఉప్పుగాలికి పొట్టు రేగిందే" అంది.

"టీచరమ్మగారూ, నేను మీరావలినండి..."

"తెలుసు. ఆవేళ తాళం తీసుకెళ్లినవాడివి."

అతను చెప్పులు విడిచి నేల మీదే నిలబడ్డాడు. "ఆయ్. నేనేనండి. లోపలికొచ్చి మీకు చెబ్దామనుకున్నాను. ధైర్యం చాల్లేదు. డాక్టరమ్మ చెప్పారు కదా, నాదేం తప్పుందిలే అనుకున్నాను. అనుకున్నానే గానీ ఈ గేటు గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు బాగుండేది కాదండి."

"ఇప్పుడెందుకొచ్చావు?"

అతను సంగతంతా చెప్పాడు. వీలునామా, గుమాస్తా, బీమా, టాక్సు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడేసి చెప్పాడు. ఇంకొకరైతే మధ్యలోనే ఆపేవారు. ముప్పయ్యేళ్లు పిల్లలు అప్పజెప్పే పాఠాలు విన్నావిడ కాబట్టి చివరిదాకా విన్నది.

"అంటే నేను సంతకం పెడితే కారు నీకు వచ్చేస్తుంది. అంతేనా?"

"కాదండి. ముందు మీ పేరు మీదకి రావాలంట. ఆ తర్వాత మీరు నాకు ఇవ్వాలంట. ఇవ్వకపోతే అడిగే హక్కు నాకు లేదండి. అది కూడా దాచకుండా చెప్పెయ్యమంది మా ఇంటిది."

"అయితే ఇప్పుడు ఈ కారు నాదన్నమాట."

"ఇప్పుడు కాదండి. పద్నాలుగేళ్ల నించీ మీదేనండి."

ఆవిడ మెట్టు మీద కూర్చుంది. "నాకు కారెందుకు, మీరావలీ? నడపడమా రాదు. సుభాషిణికి కావాలంటే నేనే చేతిలో పెట్టేదాన్ని. ఇంట్లో మనిషి పోయిన పదమూడో నాడు ఇంట్లో వస్తువు కదిలిపోతుంటే, 'వదినా, తీసుకెళ్లనా?' అని ఒక్కరు... ఒక్కరూ అడగలేదు. నేను కూడా ఉన్నానని ఎవరికీ తోచలేదు."

"నేనిప్పుడు అడుగుతున్నానండి" అన్నాడు మీరావలి.

ఆవిడ లోపలికి వెళ్లి ఆయన మరణ ధ్రువపత్రం తెచ్చింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు తికమక అప్పుడే మొదలైంది.

ఆవిడే వారసురాలని తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబసభ్యుల పత్రం తేవాలి. మరణ పత్రంలో ఆయన పేరు 'పేరరాజు' అని ఉంది. ఆధార్‌లో ఆవిడ పేరు 'సుందరి' అని ఉంది. పెన్షను పుస్తకంలో 'త్రిపుర సుందరమ్మ'. అర్జీలో 'త్రిపురసుందరి'. "ఈ ముగ్గురిలో ఆయన భార్య ఎవరండి?" అని అక్కడివాడు మర్యాదగానే అడిగాడట. ఆవిడ తిరిగొచ్చి నా వెనక సీట్లో కూర్చుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "ఆయన నన్ను 'ఏవోయ్' అనేవారు. ఆ పేరు ఏ కాగితంలోనూ లేదు" అంది.

ఆ మూడు పేర్లూ తనవేననీ, పేరరాజన్నా పేర్రాజన్నా ఆయనేననీ ప్రమాణ పత్రం రాసిచ్చింది. నెలకు పైగా తిరిగాక కుటుంబసభ్యుల పత్రం వచ్చింది. అది చూపిస్తే బీమావాళ్లు వారసురాలిగా ఆవిడ పేరున పాలసీ రాశారు. ఆ ముడి విడింది. ఇక మిగిలింది నా పరీక్ష.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు కుర్రవాడే గాని నిదానస్తుడు. దీపాలు చూశాడు, బ్రేకులు చూశాడు, హారను మోగించాడు. మీరావలి చేతిలో ఉన్న బండిని నేను. అందులో వంక దొరకలేదు. చివరికి బానెట్ ఎత్తి, నా నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. కాగితం మీదికి వచ్చిన అంకెలు చూసి మొహం చిట్లించాడు. టార్చి వేసి మళ్లీ చూశాడు.

"రికార్డులో చివరి నుంచి రెండో అంకె ఎనిమిది. ఇక్కడ మూడుంది."

"తుప్పు పట్టి అలా ఉందండి" అన్నాడు మీరావలి.

"కావచ్చు. కానీ మూడైతే ఇది వేరే బండి. ఈ కాగితాలు దీనివి కావు. నేను రాయలేను."

అంతవరకు నేను ఎవరిదాన్నో తెలియకే తికమక పడ్డాను. ఇప్పుడు నేను నేనేనా అన్నదే అనుమానంలో పడింది. ఇరవయ్యేళ్లు తిరిగిన రోడ్లు, మోసిన మనుషులు, ఏదీ సాక్ష్యానికి రాదు. ఒక్క అంకెలో ఎడమ వైపు రెండు అరసున్నలు కావాలి. అవి లేకపోతే నేను తుక్కు.

మీరావలి కిరసనాయిలు తెచ్చి, పళ్లు తోముకునే బ్రష్షుతో ఆ పలకను రుద్దాడు. ఎర్రటి పొట్టు రాలింది గాని అంకె మారలేదు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు.

"కాస్త జరుగు" అంది మాతో వచ్చిన త్రిపురసుందరి. ఆఫీసు నోటీసు బోర్డు దగ్గర దొరికిన సుద్దముక్క ఆమె చేతిలో ఉంది. సుద్దను నలిపి, వేలితో ఆ అంకెల మీద అద్ది, పైపైన పమిట చెంగుతో తుడిచింది. గాడుల్లో తెలుపు నిలిచింది. మూడుకు ఎడమ పక్కన, వెంట్రుకంత సన్నంగా, రెండు వంకరలు తేలాయి.

"చిన్నపిల్లల పలకల మీద చెరిగిపోయిన అక్షరం కూడా ఇలాగే దొరుకుతుంది, బాబూ. చూడు" అంది.

ఇన్‌స్పెక్టరు వంగాడు. చాలాసేపు చూశాడు. ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. "ఎనిమిదే" అన్నాడు.

మీరావలి బానెట్ దించి, రుమాలుతో తుడిచాడు.

గ్రీన్ టాక్సు కట్టారు, ఆలస్యానికి జరిమానా కట్టారు. కొన్నాళ్లకు రిజిస్ట్రేషను కార్డు వచ్చింది: సొంతదారు, వి. త్రిపురసుందరి. మీరావలి ఆ కార్డు రెండు చేతులతో ఆవిడకు అందించాడు. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసుకుంది. "నా పేరు మీదకి మార్చే కాగితాలు కూడా తెచ్చానండి" అని అతను అనబోయి, అనలేదు. ఆవిడే అంది: "ఒక నెల నా పేరు మీద ఉండనీ."

"అలాగేనండి" అన్నాడు గాని, నన్ను ఆవిడ గేటు లోపల పెట్టేటప్పుడు రెండుసార్లు గేరు తప్పు వేశాడు. ఖైరున్నీసా ఆ పూట, "ఇవ్వదు చూడు. చేతిలోకొచ్చిందాన్ని ఎవరిస్తారు?" అందట. నాకేం అనుకోవాలో తెలియలేదు. రంగు ఎంచిన మనిషి దగ్గర ఉండిపోవాలా, నా ప్రతి చప్పుడూ తెలిసిన మనిషి దగ్గరికి పోవాలా? కారుకు ఇష్టాయిష్టాలు రాసుకునే గడి ఏ ఫారంలోనూ లేదు.

ఆ నెలంతా అతను రోజూ బస్సెక్కి పెద్దాపురం వెళ్లి నన్ను నడిపాడు. ఆవిడ ముందు సీట్లో కూర్చునేది. సంతకు వెళ్లింది, బ్యాంకుకు వెళ్లింది, పదమూడో నాటి భోజనాలకు వచ్చిన చుట్టాల ఇళ్లన్నిటికీ వెళ్లింది. ప్రతి గుమ్మం ముందూ, "నా కారులో వచ్చాను" అనేది. అంతకు మించి ఏ మాటా ఎత్తలేదు. వాళ్లు కాఫీ ఇస్తే తాగి వచ్చేసేది.

చివరివారం కాకినాడ పోనిమ్మంది. జగన్నాథపురంలో మూసి ఉన్న ఆస్పత్రి ముందు ఆపమంది. బోర్డు ఇంకా తీయలేదు. ఆవిడ దిగలేదు.

"బాగా బాధపడిందా ఆఖర్న?" అని అడిగింది.

"పడ్డారండి. మీ మాట రెండుసార్లు అడిగారు."

"నాకు కబురు పంపొచ్చుగా?"

"ఫోను నా చేతికిచ్చారండి. మళ్లీ తనే వద్దన్నారు. 'వదిన తనంతట తనే వస్తానంటే బాగుంటుంది గాని, నేను పిలిస్తే వచ్చినట్టుంటుంది' అన్నారు."

త్రిపురసుందరి ఆ బోర్డు వంక చూసింది. "జబ్బు సంగతి నాకు తెలుసు, మీరావలీ. సంచి కూడా సర్దుకున్నాను. సుభాషిణే రమ్మని అడగనీ, అప్పుడు వెళ్తాను అనుకున్నాను." అంతే అంది. తర్వాత మెల్లగా, "ఆ కాగితాలు ఇటియ్యి" అని చెయ్యి చాపింది. నా డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని, చూపించిన ప్రతి చోటా, మూడు పేర్లలో ఏది రాయాలో ఒక్కసారి కూడా తడుముకోకుండా సంతకాలు పెట్టింది.

కొత్త కార్డు టపాలో వచ్చింది. సొంతదారు, షేక్ మీరావలి. బీమా కూడా ఆ పేరుకే మారింది. పేర్రాజు గారు పోయాక మొదటిసారి కాగితంలో ఉన్న మనిషీ, స్టీరింగు పట్టిన మనిషీ ఒక్కరే.

మర్నాడు పొద్దున్నే అతను నన్ను కడిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వెనక తలుపు తీసి, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేనూ ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. చాలాసేపటికి ఖైరున్నీసా గుమ్మంలోకి వచ్చి, "ఏవయ్యా, ఎవరి కోసం నిలబడ్డావ్?" అంది.

మీరావలి తీసి ఉన్న తలుపు వంక చూశాడు. మెల్లగా మూశాడు. ముందుకొచ్చి కూర్చుని తాళం తిప్పాడు. వీధి చివరిదాకా వెళ్లి ఆగాం. కుడికా ఎడమకా? చెప్పేవాళ్లు లేరు. అతనికి తోచలేదు, నాకు తెలియదు. వెనక నుంచి ఆటోవాడు హారను కొట్టాడు, మళ్లీ కొట్టాడు.

"ఉండవయ్యా బాబూ, ఆలోచించుకోనీ" అన్నాడు మీరావలి. అని, నవ్వి, కుడికి తిప్పాడు.